త్రీడీ గది కట్టొద్దు, లోతుకు చోటివ్వండి: గింప్ డెవలపర్లకు బహిరంగ లేఖ

బొమ్మలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్‌ను తయారుచేస్తున్న మీ అందరికీ నమస్కారం.

ఫొటో రీటచింగ్, పోస్టర్లు, టైటిల్ అక్షరాలు, ఫ్లెక్సీలు, గేమ్ టెక్స్చర్లు: ఈ పనుల్లో ఉన్న తెలుగువాళ్లం కొందరం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. ఫొటోషాప్ నుంచి త్రీడీ తీసేశాక, "మరి గింప్‌లోకి త్రీడీ ఎప్పుడొస్తుంది?" అన్న ప్రశ్న ఈ రంగంలో తరచూ వినపడుతోంది. త్రీడీ మోడళ్లు, లైట్లు, కెమెరాలు గింప్‌లోకి తేవద్దని మా మనవి. దాని బదులు లోతును, అంటే కెమెరా నుంచి ఒక్కో పిక్సెల్ ఎంత దూరంలో ఉందో చెప్పే అంకెను, బొమ్మలో భాగంగా గుర్తించండి. పారదర్శకతకు ఆల్ఫా చానెల్ ఉన్నట్టే దూరానికీ ఒక చానెల్ కావాలి. ఈ రెండు కోరికలూ ఒకే గాటన కట్టేసేవి కావు. ఎందుకో వివరంగా చెబుతాం.

ముందు త్రీడీ సంగతి. ఫొటోషాప్‌లోకి త్రీడీ 2007లో సీఎస్3 ఎక్స్‌టెండెడ్‌తో వచ్చింది. 2010లో సీఎస్5 ఎక్స్‌టెండెడ్‌తో అక్షరాలకు మందం ఇచ్చే రెపూసే వచ్చింది. మోడల్ మీద నేరుగా రంగు వేయడం, నీడలు, రే ట్రేసింగ్ ఇలా ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయారు. చివరికి 2021 ఆగస్టులో వచ్చిన 22.5 వెర్షన్ నుంచి దాన్ని తీసేయడం మొదలుపెట్టారు. త్రీడీ తప్పనిసరి అనుకునేవాళ్లు 22.2 దగ్గరే ఆగిపొమ్మన్నారు. ఆ ఇంజిన్ ఓపెన్‌జీఎల్ అనే పాతకాలపు గ్రాఫిక్స్ ప్రమాణం మీద నిలబడింది. ఆపిల్ 2018లోనే మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్‌కు కాలం చెల్లిందని ప్రకటించింది. గ్రాఫిక్స్ కార్డుల డ్రైవర్లు మారుతుంటే ఇంజిన్‌ను మళ్లీ పునాదుల నుంచి కట్టాలి, లేదా వదిలేయాలి. 2019లో అలెగోరిథమిక్ అనే కంపెనీని కొని, సబ్‌స్టాన్స్ అనే వేరే త్రీడీ పనిముట్ల వరసనే చేతిలో పెట్టుకున్న అడోబీ రెండోదే ఎంచుకుంది. అంతటి కంపెనీ 14 ఏళ్లు మోసి దించిన బరువు అది. మైక్రోసాఫ్ట్ పెయింట్ త్రీడీ కథా ఇంతే: 2017లో విండోస్ 10 క్రియేటర్స్ అప్‌డేట్‌తో వచ్చి, 2024 నవంబరులో స్టోర్ నుంచి వెళ్లిపోయింది.

దీనివల్ల నష్టపోయింది ఫైళ్లు దాచుకున్నవాళ్లు. త్రీడీ లేయర్లున్న పాత పీఎస్‌డీని (ఫొటోషాప్ ఫైలును) కొత్త వెర్షన్‌లో తెరిస్తే బొమ్మ కనపడుతుంది, కానీ అక్షరం తిప్పడానికి, వెలుగు మార్చడానికి పనిముట్లు ఉండవు. సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం పెట్టడమంటే ఆ ఫైళ్లను పదేళ్ల తర్వాత కూడా తెరుస్తామని మాట ఇవ్వడమే. నిలబెట్టుకోలేని మాట ఇవ్వకపోవడమే వాడేవాళ్లకు మేలు.

పైగా త్రీడీ అంటే ఒక మెనూతో అయిపోయే పని కాదు. త్రీడీ మోడల్‌ను దాచే ఒక ఓబీజే ఫైలు దిగుమతి చేసుకోవడమే చూడండి. ఆ ఫార్మాట్‌లో కొలత ప్రమాణం ఉండదు. ఫైల్లో 1 అని ఉంటే అది మీటరో సెంటీమీటరో చెప్పే చోటే లేదు. పై దిక్కు వై అక్షమా జెడ్ అక్షమా అన్నది ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉంటుంది. తర్వాత మోడల్ మీద బొమ్మను చుట్టే యూవీ మడతలు, మెటీరియళ్లు, లైట్లు, కెమెరా ఫోకల్ లెంగ్త్, నీడల నాణ్యత, రెండర్ సమయం. ప్రతిదానికీ ఒక ప్యానెల్, ప్రతి ప్యానెల్‌కీ బగ్గులు. ఇవన్నీ చేయడానికి బ్లెండర్ ఉంది, ఉచితం, మీలాగే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. గింప్ 2.8 వచ్చింది 2012లో, 2.10 వచ్చింది 2018లో, 3.0 వచ్చింది 2025 మార్చిలో. బొమ్మ లెక్కలు చేసే జీఈజీఎల్ ఇంజిన్‌కు మారడం, దశాంశాలను కూడా దాచే 32 బిట్ ఫ్లోట్, పాడుచేయకుండా మార్చుకునే ఫిల్టర్లు: మీరు ఆ ఏళ్లు ఖర్చుపెట్టింది వీటి మీద. మా రోజువారీ పనికి నిజంగా ఆసరా అయినవి అవే. ఆ సమయాన్ని త్రీడీ ఇంజిన్‌కు మళ్లించమని అడగడం మాకు న్యాయంగా తోచదు.

ఇక లోతు సంగతి వేరు. ఇది ఎక్కడినుంచో తెచ్చి అతికించాల్సింది కాదు, ఇప్పటికే బొమ్మతో కలిసి వస్తోంది. 2017లో ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్ పోర్ట్రెయిట్ ఫొటో హెచ్‌ఈఐసీ ఫైల్లో రంగులతో పాటు డెప్త్ మ్యాప్‌ను, అంటే లోతు అంకెల బొమ్మను కూడా దాస్తోంది. బ్లెండర్ నుంచి వచ్చే ఈఎక్స్ఆర్ ఫైల్లో జెడ్ పాస్ (పిక్సెళ్ల దూరాల పొర) ఉంటుంది. ఒక్క ఫొటో ఇస్తే చాలు, లోతు అంచనా వేసే మిడాస్, డెప్త్ ఎనీథింగ్ వంటి మోడళ్లు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. ఇలా వచ్చిన లోతు గింప్‌లో అడుగుపెట్టగానే ఊరూపేరూ లేని ఒక బూడిదరంగు బొమ్మ అయిపోతోంది. ఎంత దూరాన్ని ఏ అంకె సూచిస్తోందో, తెలుపు దగ్గరో దూరమో, ఏదీ దాని వెంట రాదు.

మీ దగ్గర లోతు పనిముట్లు లేవని మేం అనడం లేదు. బంప్ మ్యాప్, డిస్‌ప్లేస్, మ్యాప్ ఆబ్జెక్ట్, డెప్త్ మెర్జ్ పాతకాలం నుంచే ఉన్నాయి. 2.10.14లో నార్మల్ మ్యాప్, 2.10.18లో త్రీడీ ట్రాన్స్‌ఫామ్, 2.10.20లో లెన్స్ బ్లర్, వేరియబుల్ బ్లర్ వచ్చాయి. డిస్టెన్స్ మ్యాప్ కూడా ఉంది. సామాను నిండుగానే ఉంది. కానీ తలా ఒక మెనూలో పడి ఉన్నాయి, ఒకదాని భాష ఇంకోదానికి అర్థం కాదు. పిక్సెళ్లను జరిపే డిస్‌ప్లేస్‌కు మధ్య బూడిద అంటే "కదలకు" అని అర్థం. లెన్స్ బ్లర్‌కు అదే బూడిద "సగం బ్లర్" అవుతుంది. ఉబ్బెత్తు చూపే బంప్ మ్యాప్‌కు "సగం ఎత్తు". వీటి మధ్య అనువాదం చేయాల్సిన భారం అంతా వాడేవాడి మీదే పడుతోంది.

లెన్స్ బ్లర్‌నే దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఎక్కువమందికి లోతు కావాల్సింది అక్కడే. 50 మిల్లీమీటర్ల లెన్సు, అపెర్చర్ ఎఫ్/2, ఫోకస్ 2 మీటర్ల దగ్గర, 36 మిల్లీమీటర్ల వెడల్పు సెన్సార్, 6000 పిక్సెళ్ల వెడల్పు ఫొటో అనుకోండి. అనంతదూరంలో ఉన్న దీపం సెన్సార్ మీద సుమారు 0.64 మిల్లీమీటర్ల బిళ్లగా పరుచుకుంటుంది, అంటే ఫొటోలో 107 పిక్సెళ్లు. 4 మీటర్ల దగ్గరున్నది 53 పిక్సెళ్లు. 10 మీటర్ల దగ్గరున్నది 85. మరి ఫోకస్‌కు ముందు, 1 మీటరు దగ్గరున్న పువ్వు? అదీ 107 పిక్సెళ్లే. 1 మీటరుకూ అనంతానికీ ఒకే బ్లర్. ఎందుకంటే లెన్సు చూసేది దూరాన్ని కాదు, దూరపు విలోమాన్ని. 1 మీటరుకు 1, 2 మీటర్లకు 0.5, అనంతానికి 0. 0.5 నుంచి రెండు పక్కలకూ తేడా సమానం, అందుకే బ్లర్ సమానం.

ఇప్పుడు దూరాన్ని నేరుగా, 0 నుంచి 10 మీటర్ల వరకు నలుపు నుంచి తెలుపుగా రాసిన డెప్త్ మ్యాప్ ఇచ్చి, ఫోకస్ విలువ నుంచి తేడాను బట్టి బ్లర్ చేస్తే ఏమవుతుందో చూడండి. 1 మీటరు దగ్గర తేడా 1, 4 మీటర్ల దగ్గర తేడా 2. కాబట్టి 4 మీటర్ల వస్తువుకు పువ్వుకన్నా రెట్టింపు బ్లర్ వస్తుంది. అసలు లెన్సులో పువ్వుకే రెట్టింపు బ్లర్ ఉండాలి. ఫొటో చూసినవాళ్లకు తప్పు ఎక్కడుందో చెప్పడం చేతకాదు, "ఇది మొబైల్లో చేసినట్టుందే" అంటారు అంతే. ముందున్న కొమ్మలు, చేతులు సరిపడా కరగకపోవడమే దానికి అసలు కారణం.

అదే మ్యాప్ 8 బిట్‌లో ఉంటే ఇంకో చిక్కు. 10 మీటర్లను 256 మెట్లుగా కోస్తే మెట్టుకు దాదాపు 4 సెంటీమీటర్లు. 1 మీటరు దగ్గర 4 సెంటీమీటర్లు జరిగితే పై లెక్కలో బ్లర్ 107 నుంచి 99 పిక్సెళ్లకు దిగుతుంది. ఒక్క మెట్టుకు 8 పిక్సెళ్ల తేడా. ముందుకు చాచిన చేయి మీద ఆ మెట్లు పట్టీలు పట్టీలుగా కనపడతాయి. దీనికి మందుగా చాలామంది డెప్త్ మ్యాప్‌నే గాసియన్ బ్లర్ చేస్తారు. పట్టీలు పోతాయి, దాంతోపాటు వస్తువుల అంచులూ పోతాయి. 16 బిట్‌లో అదే 10 మీటర్లకు మెట్టు 0.15 మిల్లీమీటర్లు. అప్పుడు మందు అవసరమే రాదు.

పోనీ విలోమంలోనే, 8 బిట్‌లో దాచుకుందాం అంటే దూరపు వస్తువులు ముద్దయిపోతాయి. 1 మీటరుకు 255 ఇస్తే, 255 మీటర్ల దగ్గర విలువ 1, 127 మీటర్ల దగ్గర 2. ఆ మధ్యలో ఉన్న తోట అంతా రెండే మెట్లు, దాని వెనక కొండలన్నీ కలిసి ఒక్క ముద్ద. బ్లర్‌కు ఇది చాలు, కానీ పొగమంచుకు చాలదు. పొగమంచు నడిచేది విలోమం మీద కాదు, అసలు దూరం మీద. చూపు ఆనే దూరం 2 కిలోమీటర్లు ఉన్న రోజున 500 మీటర్ల దూరంలోని కొండ సొంత రంగు 38 శాతం మిగులుతుంది, 1 కిలోమీటరు దూరంలోనిది 14 శాతం. ఆ రెండు కొండలకూ మ్యాప్‌లో ఒకే విలువ ఉంటే రెండూ ఒకే కాగితం మీంచి కత్తిరించి అతికించినట్టు కనపడతాయి. అందుకే మేం అడిగేది ఏదో ఒక లెక్కను ఎంచుకోమని కాదు. ఆ చానెల్‌లో ఉన్నది దూరమా విలోమమా, దగ్గర హద్దు ఎంత, దూరపు హద్దు ఎంత అన్నది చానెల్ వెంటే రాసి ఉంచమని. ఫిల్టర్ తనకు కావాల్సిన లెక్కలోకి తానే మార్చుకుంటుంది.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిందీ కాదు. హెచ్‌ఈఐఎఫ్ (హెచ్‌ఈఐసీ వంటి) ఫైళ్లు చదవడానికి వాడే లిబ్‌హీఫ్ లైబ్రరీకి డెప్త్ చిత్రాన్ని బయటకు తీసే దారి ఉంది. దాంతోపాటు లోతు ఏ రూపంలో ఉందో, దగ్గర హద్దు, దూరపు హద్దు ఏమిటో చెప్పే సమాచారానికీ అందులో చోటుంది. ఫైలు తెరిచేటప్పుడు దాన్ని కింద రాల్చేయకుండా తెచ్చి చానెల్‌కు తగిలిస్తే సగం పని అయినట్టే. ఈఎక్స్ఆర్‌లోని జెడ్ చానెల్‌కూ అదే మర్యాద కావాలి. ఒక జాగ్రత్త: బ్లెండర్ జెడ్ పాస్‌లో అంకె పెరిగితే దూరం పెరిగినట్టు, మిడాస్ ఇచ్చే మ్యాప్‌లో అంకె పెరిగితే దగ్గరైనట్టు. ఈ తిరకాసు ఒక్కటే ఎన్నో తప్పులకు మూలం. ముఖం కరిగిపోయి గోడ పదునుగా వస్తే ముందు ఇన్వర్ట్ నొక్కి చూడడం ఇప్పుడు మాలో అందరికీ అలవాటైపోయింది. ఊహించాల్సిన అవసరమే రాకుండా చేయండి.

గామా గురించి, అంటే వెలుగును ఫైల్లో వంపుగా రాసే పద్ధతి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. డెప్త్ మ్యాప్‌ను మామూలు పీఎన్‌జీగా తెరిస్తే దాన్ని ఎస్‌ఆర్‌జీబీ బూడిదరంగు అనుకుంటారు. సరిగ్గా మధ్యలో ఉన్న 128 విలువ, రేఖీయంగా చదివే ఫిల్టర్‌కు 0.5గా కాక 0.216గా అందుతుంది. మధ్యన ఉండాల్సిన తలం ఒక పక్కకు జారిపోతుంది. లెన్స్ బ్లర్‌లో లీనియర్ మాస్క్ అనే చెక్‌బాక్స్ పెట్టారంటే ఈ సమస్య మీకు తెలియనిది కాదు. కానీ అది ఫిల్టర్ ఫిల్టర్‌కీ టిక్ పెట్టి తేల్చాల్సిన సంగతి కాకూడదు. లోతు రంగు కాదు, కొలత. దానికి కలర్ ప్రొఫైల్ ఉండకూడదు, ప్రొఫైల్ మార్చినా ఆ అంకెలు కదలకూడదు. ఉపరితలం ఏ దిక్కుకు వాలిందో రంగుల్లో చెప్పే నార్మల్ మ్యాప్‌కూ ఇదే వర్తిస్తుంది: చదును తలాన్ని చూపే 128, 128, 255 కొద్దిగా మారినా గేమ్‌లో గోడ మొత్తం ఒక పక్కకు ఒరిగినట్టు వెలుగు పడుతుంది.

ఇంకో అడ్డంకి: గింప్‌లో బిట్ లోతు, అంటే ఒక్కో విలువకు ఎన్ని బిట్లు అన్నది, మొత్తం బొమ్మకు ఒకటే. 8 బిట్ ఫొటోలో 16 బిట్ చానెల్ పెట్టుకునే వీల్లేదు. లోతు కోసం మొత్తం ఫొటోను 32 బిట్‌కు మార్చితే ఇరవై లేయర్ల పెళ్లి ఆల్బమ్ పేజీ మామూలు 8 జీబీ మెషీన్‌లో కదలదు. లోతు చానెల్ ఒక్కదానికి మాత్రం సొంత బిట్ లోతు ఉండనివ్వండి. 16 బిట్ పూర్ణాంకం చాలా పనులకు సరిపోతుంది. 16 బిట్ ఫ్లోట్ కూడా తీసుకోవచ్చు, కానీ అందులో 8 నుంచి 16 మీటర్ల మధ్య మెట్టు సుమారు 8 మిల్లీమీటర్లు అని గుర్తుంచుకోవాలి. బ్లర్‌కు ఇబ్బంది లేదు, ఉపరితలపు గరుకును లెక్కగట్టాలంటే చాలదు.

ఈ రోజు గింప్‌లో ఫోకస్ మార్చాలంటే పని ఇలా సాగుతుంది. డెప్త్ మ్యాప్‌ను లేయర్‌గా తెచ్చి ఒక నకలు తీయాలి. ఎక్కడ పదును కావాలో అక్కడి విలువను పిక్కర్‌తో చదవాలి. నకలు మీద కర్వ్స్ తెరిచి, ఆ విలువ దగ్గర అడుగుకు తాకేలా, రెండు పక్కలా ఒకే వాలుతో పైకి లేచేలా ఇంగ్లీషు వీ ఆకారం గీయాలి. అడుగు బిందువును మూలగా పెట్టాలి. అది గుండ్రంగా వంగితే పదునైన తలం అవసరానికి మించి మందమై ముఖంతో పాటు వెనక కుర్చీ కూడా పదునెక్కుతుంది. ఆ నకలును లెన్స్ బ్లర్‌కు మాస్కుగా ఇవ్వాలి. కస్టమర్ "ఫోకస్ అమ్మాయి మీద కాదు, అబ్బాయి మీద పెట్టండి" అన్నాడంటే అంతా మొదటికి. ఫొటోషాప్ లెన్స్ బ్లర్‌లో 2003 నాటి సీఎస్ వెర్షన్ నుంచే ఆల్ఫా చానెల్‌ను డెప్త్ మ్యాప్‌గా తీసుకుని ఫోకస్ దూరాన్ని ఒక స్లైడర్‌తో జరిపే వీలుంది. దానికి త్రీడీ ఇంజిన్ అక్కర్లేదు, అప్పుడూ వాడలేదు. మీ లెన్స్ బ్లర్‌కు రెండు గడులు చేర్చండి చాలు: లోతు చానెల్ ఏది, ఫోకస్ విలువ ఎంత. డెప్త్ మ్యాప్‌లో బ్రష్‌తో తప్పు దిద్దితే బ్లర్ తనంతట తానే మారాలి. చానెల్‌కూ ఫిల్టర్‌కూ ఆ లంకె తెగకూడదు.

అంచుల విషయంలో మాత్రం తొందరపడవద్దని మా సలహా. ఐఫోన్ 7 ప్లస్ కాలం నుంచి చూస్తే 4032×3024 ఫొటోకు డెప్త్ మ్యాప్ 768×576. లోతులో ఒక పిక్సెల్ ఫొటోలో 27 పిక్సెళ్లకు పైగా కప్పుతుంది. దాన్ని మామూలుగా సాగదీస్తే 1.2 మీటర్ల దగ్గరున్న ముఖానికీ 4 మీటర్ల దగ్గరున్న గోడకూ మధ్య సగటు వేసి, 2.6 మీటర్ల దగ్గర ఒక వలయం పుడుతుంది. అక్కడ అసలు ఏమీ లేదు. 2.6 మీటర్ల దగ్గరున్న బల్ల మీద ఫోకస్ పెట్టారనుకోండి, ముఖం చుట్టూ ఒక సన్నని గీత మాత్రం పదునుగా మెరుస్తుంది. కాబట్టి లోతును పెద్దది చేసేటప్పుడు ఫొటోలోని అంచులనే ఆధారంగా తీసుకోవాలి. గైడెడ్ ఫిల్టర్ లాంటివి ఇందుకే ఉన్నాయి. అది పెట్టేలోపు కనీసం సగటు వేయకుండా, దగ్గరి పిక్సెల్ విలువనే తీసుకునే పద్ధతిని లోతు చానెల్‌కు అలవాటుగా పెట్టండి. అంచు మెట్లుమెట్లుగా ఉంటే కంటికి కనపడుతుంది, దిద్దుకోవచ్చు. లేని దూరం పుట్టుకొస్తే దాన్ని పట్టుకోవడం కష్టం.

క్రాప్ చేసినా, తిప్పినా, అద్దంలా తిరగేసినా లోతు చానెల్ ఫొటోతో కలిసి కదలాలి. ఇది చిన్న విషయంలా కనపడుతుంది కానీ ఎక్కువ పని చెడేది ఇక్కడే.

జుట్టు దగ్గర ఎంత మంచి డెప్త్ మ్యాప్ అయినా ఓడిపోతుంది. ఒక పిక్సెల్‌లో సగం వెంట్రుక, సగం వెనక గోడ ఉంటుంది, కానీ అక్కడ రాసే దూరం ఒక్కటే. ఏది రాసినా తప్పే. ఓపెన్ఈఎక్స్ఆర్ 2.0లో ఒకే పిక్సెల్‌కు పలు దూరాలు దాచే డీప్ డేటా వచ్చింది ఇందుకే. గింప్‌కు అంత అవసరం లేదు. మనిషిని మాస్కుతో వేరే లేయర్ చేసి, వెనక ఖాళీని క్లోన్ లేదా హీల్‌తో ఓ 100 పిక్సెళ్ల లోపలికి పూడ్చి, అప్పుడు వెనక లేయర్‌ను మాత్రమే లోతును బట్టి బ్లర్ చేస్తే చొక్కా రంగు గోడ మీదికి కారదు. పూడ్చే వెడల్పు బ్లర్ వ్యాసంలో సగానికి తగ్గితే రంగు కారడం మళ్లీ మొదలవుతుంది. ఈ వరస మీ యూజర్ మాన్యువల్లో ఒక పేజీగా ఉంటే కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఎంతో మేలు.

తెలుగు అక్షరాల గురించి ప్రత్యేకంగా రాయాలి. త్రీడీ కావాలని అడిగేవాళ్లలో చాలామందికి కావాల్సింది మోడలింగ్ కాదు, టైటిల్ అక్షరాలకు మందం, మెరుపు. మోడల్ ద్వారా పోతే ఇక్కడ తెలుగుకు తనదైన ఇబ్బంది ఉంది. చాలా ఫాంట్లలో అక్షరం మీద తలకట్టు, గుడి, కొమ్ము ఒకదాని మీద ఒకటి ఎక్కేలా గీస్తారు. పాత్‌గా మార్చి మందం ఇస్తే ఆ కలిసిన చోట లోపల గోడలు పుడతాయి. నింపే పద్ధతి సరి బేసి లెక్కన ఉంటే ఏకంగా రంధ్రం పడుతుంది. "క"కు తలకట్టు తగిలే చోట కన్నం కనపడిందంటే కారణం ఇదే. పిక్సెళ్ల మాస్కు మీద లోతు కట్టే పద్ధతిలో ఈ బెడదే ఉండదు, ఎందుకంటే మాస్కులో అతుకులు ముందే కలిసిపోయి ఉంటాయి.

పద్ధతి ఇది. అక్షరాన్ని తెల్లగా, నేపథ్యాన్ని నల్లగా చేసి డిస్టెన్స్ మ్యాప్ వేస్తే, అంచు నుంచి లోపలికి ఎంత దూరమో అదే ఎత్తు అవుతుంది. దూరం కొలిచే మెట్రిక్ యూక్లిడియన్ (సూటి దూరం) ఉండాలి. అడ్డంగా, నిలువుగా మాత్రమే కొలిచే మాన్‌హటన్ పెడితే గుండ్రని తెలుగు అక్షరం నగిషీ చెక్కిన రాయిలా నాలుగు పక్కలా మొహాలు తిరుగుతుంది. అతి ఎక్కువ ఎత్తును పూర్తి తెలుపుగా సాగదీసే నార్మలైజ్ తీసేయాలి. అక్షరపు గీత 80 పిక్సెళ్లు, వత్తు గీత 24 పిక్సెళ్లు అనుకోండి. అక్షరం నడిమి ఎత్తు 40, వత్తుది 12. నార్మలైజ్ చేస్తే వత్తు అక్షరంలో 30 శాతం ఎత్తుకే ఆగి, కిందికి నొక్కుకుపోయినట్టు ఉంటుంది. బదులుగా ఎత్తును 10 పిక్సెళ్ల దగ్గర కోసేస్తే అక్షరానికీ వత్తుకూ ఒకే చెక్కుడు, పైన చదును వస్తుంది. ఆ మ్యాప్‌ను బంప్ మ్యాప్‌కు ఇచ్చి అజిముత్ (వెలుగు దిక్కు) 135, ఎలివేషన్ (వెలుగు ఎత్తు) 45 పెడితే ఎడమ పైనుంచి వెలుగు పడుతుంది.

8 బిట్‌లో ఇదే పని చెడిపోయే తీరు చూడండి. 40 పిక్సెళ్ల ఏటవాలును 255 మెట్లలో సర్దితే పిక్సెల్‌కు 6.4 మెట్లు పడాలి. పూర్ణాంకాలే ఉంటాయి కాబట్టి ఒక పిక్సెల్‌కు 6, పక్కదానికి 7 పడతాయి. వెలుగును నిర్ణయించేది ఎత్తు కాదు, ఎత్తులో తేడా. అందుకని ఏటవాలు మీద సన్నని చారలు వస్తాయి. 10 అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 72 పిక్సెళ్లతో చేస్తే 8640 పిక్సెళ్ల వెడల్పు. అందులో అక్షరపు గీత 400 పిక్సెళ్లు ఉందంటే పిక్సెల్‌కు 1.3 మెట్టు, అంటే ఒక చోట 1, ఇంకో చోట 2. వాలు ఏకంగా రెట్టింపు అవుతూ తగ్గుతూ ఉంటుంది. బంగారు అక్షరం మీద ఆ చారలు చెట్టు కాండంలోని వలయాల్లా కనపడతాయి. 32 బిట్ ఫ్లోట్‌లో ఒక్కటీ ఉండదు. మీరు ఇచ్చిన 32 బిట్ వల్లే ఇది సాధ్యమైంది. దానికి మీకు రుణపడి ఉన్నాం. కాకపోతే ఈ నాలుగు మెట్లను ఎవరికి వారే కనిపెట్టుకోవాల్సి వస్తోంది. మందం, చెక్కుడు వెడల్పు, వెలుగు దిక్కు అడిగే ఒక్క ఫిల్టర్‌గా కలిపి టెక్స్ట్ లేయర్ మీద పెట్టే వీలిస్తే, అక్షరదోషం దిద్దినా మెరుపు చెదరదు. త్రీడీ అడిగేవాళ్లలో చాలామంది అక్కడితో తృప్తిపడతారని మా నమ్మకం.

వెలుగును ఎత్తు అనుకునే అలవాటు గురించి ఒక మాట. ఫొటోను బూడిదరంగు చేసి అదే డెప్త్ మ్యాప్ అనుకుని డిస్‌ప్లేస్‌కు ఇవ్వడం చాలా పాఠాల్లో చెబుతారు. మడతలున్న తెల్ల బట్ట మీద లోగో వేయడానికి అది నడుస్తుంది, 3 నుంచి 5 పిక్సెళ్ల బ్లర్ ఇచ్చి నేతను చెరిపేస్తే. నల్ల గళ్లున్న లుంగీ మీద అది నడవదు: ప్రతి నల్ల గడినీ గొయ్యి అనుకుని లోగోను వంచేస్తుంది. గింప్‌లో లోతుకు వేరే పేరు, వేరే చోటు ఉంటే ఈ పొరపాటు తనంతట తానే తగ్గుతుంది.

లోతును అంచనా వేసే ఏఐ మోడల్‌ను గింప్‌లోనే కట్టేయమని మేం అడగం. అవి ఏడాదికొకటి మారుతున్నాయి, ఫైళ్లు పెద్దవి, లైసెన్సులు తలా ఒక రకం. వాటిని ప్లగిన్లకు వదిలేయండి. ప్లగిన్ తెచ్చిన ఫలితం దిగడానికి సరైన రేవు మాత్రం మీరు కట్టాలి. ఆ ఫలితాల్లో చాలావరకు దూరాలు సాపేక్షంగానే ఉంటాయి, మీటర్లలో ఉండవు. కాబట్టి హద్దుల గడిలో "తెలియదు" అని చెప్పే వీలు కూడా ఉండాలి. అద్దాలు, గాజు తలుపులు, గోడకు తగిలించిన ఫొటోల దగ్గర ఈ మోడళ్లు తడబడతాయి. అద్దంలో కనపడే గదిని నిజం గదే అనుకుని గోడకు సొరంగం తవ్వేస్తాయి. అందుకే లోతు చానెల్ మీద మామూలు బ్రష్, గ్రేడియెంట్, సెలెక్షన్ అన్నీ పనిచేయాలి. చేతితో దిద్దే వీలు లేని లోతు మాకు పనికిరాదు.

మ్యాప్ ఆబ్జెక్ట్ గురించి: డబ్బా, స్థూపం, గోళం మీద లేబుల్ చూపించడానికి అది ఇప్పటికీ ఉపయోగపడుతోంది. దాన్ని తీసేయవద్దు, పెంచనూ వద్దు. క్రిటాలో టాంజెంట్ నార్మల్ బ్రష్, ఫాంగ్ బంప్‌మ్యాప్ ఉన్నాయి. మోడల్ జోలికి పోకుండా ఉపరితలం మీద ఎంత పని చేయవచ్చో చూడడానికి అవి మంచి ఉదాహరణ.

ఒకేసారి ఇదంతా కుదరకపోతే ఏది ముందు అని అడిగితే, మా వరస ఇది. అన్నిటికన్నా ముందు గింప్ సొంత ఫైల్ ఫార్మాట్ ఎక్స్‌సీఎఫ్‌లో లోతు అని గుర్తు వేసిన చానెల్, దాని హద్దులు, రూపం. ఫైల్ ఫార్మాట్‌లో చోటు ముందే ఉంటే ఫిల్టర్లు ఎప్పుడొచ్చినా పాత ఫైళ్లు పనికొస్తాయి. తర్వాత లెన్స్ బ్లర్‌లో ఫోకస్ గడి. ఆ తర్వాత హెచ్‌ఈఐసీ, ఈఎక్స్ఆర్ నుంచి లోతు రాల్చకుండా తీసుకోవడం. అక్షరాల ఫిల్టర్ చివర్లో వచ్చినా ఫరవాలేదు. సొంత బిట్ లోతు కష్టమని మాకు తెలుసు. అది ఆలస్యమైతే మొదటి మెట్టుగా బొమ్మకున్న బిట్ లోతులోనే లోతు చానెల్ ఇవ్వండి.

మా వైపు నుంచి పరీక్షకు కావాల్సిన ఫైళ్లు తయారుచేసి ఇస్తాం: 1, 2, 4, 10 మీటర్ల దగ్గర గుర్తులు పెట్టి ఎఫ్/2లోనూ ఎఫ్/16లోనూ తీసిన ఫొటోల జతలు, వాటికి సరిపడే 16 బిట్ లోతు మ్యాపులు, జుట్టు, జల్లెడ, గాజు ఉన్న దృశ్యాలు, తలకట్టు అతుకులున్న తెలుగు అక్షరాల మాస్కులు. ఎఫ్/16 ఫొటోకు మీ ఫిల్టర్ వేసి ఎఫ్/2 ఫొటో పక్కన పెడితే తేడా పిక్సెళ్లలో కొలవచ్చు. అన్నిటినీ ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో పెడతాం. కొత్త గడుల పేర్లకు తెలుగు అనువాదం కూడా మేమే చూసుకుంటాం. "డెప్త్" అన్న మాటను బిట్ లోతుకూ దూరానికీ ఒకే తెలుగు మాటతో కలిపేయకుండా, ఒకదానికి "బిట్ స్థాయి", మరోదానికి "లోతు" అని ఉంచాలన్నది మా ఆలోచన.

ఇట్లు,
ఫొటో, పోస్టర్, టెక్స్చర్ పనుల్లో గింప్ వాడే కొందరు తెలుగువాళ్లు